ఆడపిల్ల దిక్కున కూర్చున్న ఈదమ్మ

ఈదమ్మ గొప్పలు మొదలుపెట్టిందంటే చెరువులో కొంగలు లేచిపోవాల్సిందే, అంత గొంతు ఆమెది. శామీర్‌పేట కట్ట దిగగానే కరీంనగర్ రోడ్డు పక్కన నీలం రంగు కవరు పరిచి, బొచ్చె చేపలూ రవ్వ చేపలూ కుప్ప పోసుకుని కూర్చునేది. ఆదివారాలు జింకల పార్కుకు వచ్చేవాళ్ళు, మామూలు రోజుల్లో తుర్కపల్లి కంపెనీల నుంచి కార్లలో ఇళ్ళకు పోయేవాళ్ళు ఆగి కొనేవారు. చేప మొప్ప ఎత్తి చూపిస్తూ కూడా ఆమెకు కొడుకు మాటే. "నా మహేందర్ పట్టిన చేప బిడ్డా, సూడు ఎట్ల మెరుస్తాందో!" చేప మెరిస్తే అందులో మహేందర్ చేసిందేముందని నాకు ఒళ్ళు మండేది. నా పేరు ఐలమ్మ. ఆ వాడలోనే అంగన్‌వాడీ టీచర్‌ని. నాది ఈదమ్మ పక్కిల్లే. నాకు నోరెక్కువని ఊళ్ళో పేరుంది. ఊరికే రాలేదు ఆ పేరు, ఒప్పుకుంటాను.

ఆమెకు కొడుకంటే అంత పిచ్చి ఎందుకో తెలియాలంటే మొగుడు బాలమల్లు సంగతి చెప్పాలి. తొంబైల్లో ఆయన కల్లు కాంపౌండు నుంచి ఇంటికొస్తున్నాడంటే వాడంతటికీ తెలిసేది. తిట్లు ముందు వచ్చేవి, మనిషి వెనక వచ్చేవాడు. ఈదమ్మను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చేవాడు, తెప్ప తెడ్డు తిరగేసి కొట్టేవాడు. ఒకసారి స్టీలు బిందె ఆమె వీపు మీదే సొట్టపోయింది. మర్నాడు ఆ బిందెతోనే నీళ్ళకు వచ్చింది మహాతల్లి, సొట్ట కనపడకుండా నడుము వైపు తిప్పి పట్టుకుని. కులపెద్దల దగ్గర పంచాయతి కూడా పెట్టారు. ఆమె అన్నదమ్ములు వచ్చారు, బావతో కలిసి తాగారు, పోతూ పోతూ చెల్లెలికి "జెర ఓర్సుకో" అని చెప్పి పోయారు. తర్వాత్తర్వాత బాలమల్లుకు మోకాళ్ళు పట్టేశాయి, చేతుల్లో వణుకు మొదలైంది, కొట్టడం దానంతటదే ఆగిపోయింది. బుద్ధి వచ్చి కాదు, సత్తువ పోయి.

అంచేత ఈదమ్మ దృష్టిలో మొగుడు కొట్టడమంటే ఒక చప్పుడు. వీధి అరుగుల మీది జనం వినేది, పక్కింటివాళ్ళు తలుపులేసుకునేది. ఆ చప్పుడు లేని ఇల్లు చల్లని ఇల్లని ఆమె గట్టి నమ్మకం. మహేందర్ కల్లు ముట్టడు. గొంతు పెంచడు. పెద్దవాళ్ళు కనపడితే తువ్వాలు భుజం మీది నుంచి తీసి మాట్లాడతాడు. తండ్రి లక్షణం ఒక్కటీ రాలేదని ఆమె మురిసిపోయేది. ఆమెకేం, మా అందరికీ అలాగే అనిపించేది.

రెండు వేల ఐదులో మేడ్చల్ పిల్ల మాధవీలతను చేసుకున్నాడు. తల్లీతండ్రీ లేరు, మేనమామ లింగస్వామి పెంచాడు. నోట్లో నాలుక లేని పిల్ల. నవ్వితే మాత్రం మొహమంతా నవ్వేది. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఈదమ్మ పక్కన కూర్చుని చేపలు కోయడం నేర్చుకుంది. కొనేవాళ్ళతో నవ్వుతూ మాట్లాడేది. ఆ నవ్వుకు సగం చేపలు వాటంతటవే అమ్ముడుపోయేవి.

మా దగ్గర చేపలు పట్టే ఇళ్ళలో ఆడవాళ్ళు తెప్ప ఎక్కరు. నీళ్ళ మీది పని మగవాళ్ళది, ఒడ్డు మీది పని ఆడవాళ్ళది. ఈదమ్మ లాంటి ఒకరిద్దరికి తప్ప ఆడవాళ్ళకు ఈత కూడా రాదు. అలాంటిది మహేందర్ మధ్యాహ్నాలు పెళ్ళాన్ని థర్మకోలు తెప్ప మీద కూర్చోబెట్టుకుని చెరువు నడుమకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. కట్ట మీద ఆడవాళ్ళు పని మానేసి నోళ్ళు తెరుచుకుని చూశారు. సినిమాల్లో తప్ప ఇలాంటిది ఎవరు చూశారు గనక! కొత్తగా పెళ్ళయినవాళ్ళు మొగుళ్ళను సాధించారు. "సూడు, మహేందరన్న పెండ్లాన్ని ఎట్ల సూస్కుంటుండో. నువ్వున్నవ్ ఎందుకు?" అని.

ఇక ఈదమ్మ గొంతుకు అడ్డే లేదు. "నా కోడలు తెప్పెక్కింది సూసిన్రా? గీ చెరువుల ఏ ఆడిదన్న ఎక్కిందా? నా కొడుకు పెండ్లాన్ని రాణి లెక్క తిప్పుతుండు!" రోడ్డున పోయేవాళ్ళను ఆపి మరీ చెప్పేది.

"ఇగ సాలు వదినె, దిష్టి తగులుతది," అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"నీకు కుళ్ళు పిల్లా," అంది. "నీ మొగడు నిన్ను బస్సు కూడ ఎక్కియ్యలె."

నిజమే, ఎక్కించలేదు. నోరు మూసుకున్నాను.

కొన్నాళ్ళకు మాధవీలత నవ్వడం మానేసింది. ఎవరైనా కొనడానికొస్తే తల దించుకుని ధర చెప్పేది. ఎప్పుడు చూసినా తడి జుట్టే. ఎండాకాలంలో కూడా దగ్గేది. చేపలు కడగడానికి తూము దగ్గర నీళ్ళలో దిగమంటే గట్టునే నిలబడి బకెట్టు అందించేది. "పట్నం పక్క పిల్ల గదా, నీళ్ళు పడతలెవ్వు," అని ఈదమ్మ సర్దుకుంది. నేను ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయేమోనని వెతికాను. ఒక్క కమిలిన మచ్చ కూడా కనపడలేదు. అయితే ఏం లేదులే అనుకున్నాను.

రెండు వేల ఏడు, వానలు పడి చెరువు నిండుగా ఉన్న రోజులు. ఆ మధ్యాహ్నం మహేందర్ అన్నం తినకుండానే పెళ్ళాన్ని తీసుకుని నీళ్ళ మీదికి పోయాడు. కొడుకు ఆకలితో ఉంటాడని ఈదమ్మ సద్ది కట్టుకుని కట్ట పొడుగునా నడిచి, అలుగు దాటి, తుంగ దుబ్బుల దాకా పోయింది. అటువైపు ఎవరూ పోరు. అక్కడ ఏం చూసిందో తర్వాత ఆమె నోటనే విన్నాను. ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక సెంటరుకు వచ్చి, కోడిగుడ్ల అట్టల పక్కన కింద చతికిలబడి చెప్పింది. ఆమెకు అంత చిన్న గొంతు కూడా ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఐలమ్మా, వాడు దాన్ని కొట్టలే. దాని జుట్టు చేతికి సుట్టుకున్నడు. నీళ్ళల్ల ముంచిండు. లేపిండు. అది ఊపిరి తీసుకునే దాంక ఆగిండు. 'సెప్పు, కారు డ్రైవర్ను సూసి ఎందుకు నవ్వినవ్?' అని అడిగిండు, మెల్లగ, నీతోని నేను మాట్లాడినట్టె. మళ్ళ ముంచిండు. అంత అయినంక..." అంటూ ఆగింది. "అంత అయినంక తువ్వాలతోని దాని మొకం తుడిసిండు పిల్లా. దువ్వెన తీసి తల దువ్విండు."

నేను ఆమె భుజం పట్టి ఊపాను. "నువ్వేం జేసినవ్? ఒర్లలేదా?"

ఈదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత తీసి చెప్పింది. "ముందుగాల ఎనక్కి తిరిగి సూసిన. ఎవలన్న సూస్తున్నరా అని. కోడలు సస్తదని భయం గాదు ఐలమ్మా, నా ఇజ్జత్ పోతదని భయం. తుంగల దాసుకున్న. నేను, వాని తల్లిని, దొంగ లెక్క దాసుకున్న. ఊరంత సాటింపు ఏసిన గదనే, నా కొడుకు పెండ్లాన్ని తెప్ప మీద తిప్పుతుండని! రోజు దాన్ని గందుకు తీస్కపోతుంటె, నేను ఒడ్డున కూసోని గొప్పలు జెప్పిన!"

ఆమె తల నేలకు కొట్టుకోబోయింది. నేను పట్టుకోలేదని అబద్ధం చెప్పను, పట్టుకున్నాను. అయితే నాకు జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. అరిచి ఉంటే ఏం పోయేది? సద్ది గిన్నె విసిరి కొట్టినా చాలేది కదా!

మాధవీలతను పిలిపించాను. వచ్చి అత్తను చూడగానే ఆమెకు తెలిసిపోయిందని గ్రహించింది. ఆ పిల్ల మొహం ఎలా అయిందంటే, దొంగతనం చేసి దొరికిపోయింది తనేనేమో అన్నట్టయింది.

"ఒక్క దెబ్బ గూడ కొట్టలె టీచరమ్మా," అంది నాకు ఏదో సర్దిచెబుతున్నట్టు. "మామ అత్తను కొట్టినట్టు కొట్టలె. ఇగ ఏమని జెప్పాలె? మా ఆయన నన్ను నీళ్ళల్ల తడిపిండని జెప్పాలెనా? నవ్వుతరు. ఊరంత నన్ను జూసి కుళ్ళుకుంటాంది. 'నీ అదృష్టం' అంటరు. గట్ల అన్నంక నా నోటితోని నేనెట్ల జెప్పుదు? సిగ్గైతది."

"ఎన్నిసార్లు ముంచిండు?" అని అడిగితే తల అడ్డంగా ఊపింది. లెక్కలేదనో, గుర్తులేదనో, చెప్పలేననో.

"ఒకపాలి మస్తు సేపు పట్టిండు," అంది నేల మీద గీతలు గీస్తూ. "కండ్లకు ఏం కనవడలె. ఇగ పోయిన అనుకున్న. పైకి లేపి, 'ఎవలకన్న జెప్తె ఈసారి లేప. తెప్ప బోర్లవడ్డదని జెప్త, అందరు నమ్ముతరు,' అన్నడు."

నమ్ముతారు. అక్షరాలా నమ్ముతారు. పెళ్ళాన్ని అంత ప్రేమగా తిప్పేవాడు, పాపం తెప్ప బోల్తాపడిందట, అని ఊరంతా వాడినే ఓదారుస్తుంది. అందరికంటే ముందు ఈదమ్మే గుండెలు బాదుకుంటూ సాక్ష్యం చెప్పేది. ఆ మాట నేను పైకే అనేశాను. నా నోరు అలాంటిది. ఈదమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అంతకు ముందు ఏడాదే గృహహింస మీద కొత్త చట్టం వచ్చిందని, అది అమలు చేయాల్సిన రక్షణాధికారి మా శాఖలోనే ఉన్నారని మా సూపర్‌వైజరు పార్వతీదేవి మేడం మీటింగులో చెప్పారు. నేను ఆ రోజు సగం నిద్రలో విన్నాను గానీ ముఖ్యమైన ముక్క గుర్తుంది. ఆ పిల్ల చేతులు పట్టుకుని నాకు చేతనైనట్టు చెప్పాను. "కొడితెనే హింస గాదు మాధవీ. భయపెట్టుడు, సంపుతనని బెదిరిచ్చుడు, అనుమానంతోని సతాయించుడు, గివన్ని హింసనె. కాయితం మీద రాసి పెట్టిన్రు. నువ్వు తప్పు జెయ్యలె. ఇల్లు ఇడిసిపెట్టి పోవాల్సింది కూడ నువ్వు గాదు."

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "దీనికి పేరుందా టీచరమ్మా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ పూటే మాధవీలతను మా ఇంట్లో పెట్టుకున్నాను. టెలిఫోన్ బూత్ నుంచి మేడంకు ఫోన్ చేశాను. ఆమె అంతా విని, పిల్లను ఒంటరిగా వదలొద్దనీ, అధికారి దగ్గరకు తానే తీసుకుపోతాననీ చెప్పారు. ఆఖర్న ఒకటి అడిగారు. "చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఐలమ్మా? ఒంటి మీద గాయం లేదంటున్నావు. చూసిన మనిషి చెబితే పని గట్టిగా అవుతుంది."

వచ్చి ఆ మాట చెప్పాను. ఈదమ్మ లేచింది. కొంగు దులుపుకుంది. ఇంటికి వెళ్ళిపోయింది. గోడ అవతల పొయ్యి ముట్టించిన చప్పుడు వినిపించింది. కొడుక్కి అన్నం వండుతోంది! నేను ఒంటికాలి మీద లేచాను. గోడ మీదుగా నా నోటికొచ్చినవన్నీ తిట్టాను. అటు నుంచి గరిటె చప్పుడే వచ్చింది. మాధవీలత మాత్రం నా చెయ్యి పట్టుకుని, "తిట్టకు అక్కా, ఒక్కడే కొడుకు," అంది. అప్పటిదాకా టీచరమ్మా అనేది.

మహేందర్ గొడవ చేయడానికి రాలేదు, అది వాడి పద్ధతి కాదు. నేరుగా కులపెద్ద ఎంకయ్య దగ్గరకు పోయి, చేతులు కట్టుకుని, పెళ్ళాం అలిగి పరాయి ఇంట్లో కూర్చుంది, ఇజ్జత్ పోతోంది, పంచాయతి పెట్టి పంపించండి అని అడిగాడు. పంచాయతి అంటే పంపించడమే, వాడికి తెలుసు.

మర్నాడు పొద్దున్నే చేపల సొసైటీ షెడ్డు ముందు అందరూ కూర్చున్నారు. మా దగ్గర మొగుడూ పెళ్ళాల పంచాయతికి రెండు చాపలు వేస్తారు. ఒకటి పిల్లగాని దిక్కు, ఒకటి ఆడపిల్ల దిక్కు. ఆడపిల్ల దిక్కున పుట్టింటివాళ్ళు కూర్చుంటారు, వాళ్ళు ఒప్పుకుంటేనే పిల్లను అత్తగారింటికి పంపుతారు. మామూలుగా వాళ్ళు ఒప్పుకోకుండా ఉండరు. పిల్లగాని దిక్కు చాప మీద మహేందర్, బాలమల్లు, వాళ్ళ దాయాదులు కిక్కిరిసి కూర్చున్నారు. వాళ్ళ వెనక ఈదమ్మ తల మీద కొంగు కళ్ళ దాకా లాక్కుని కూర్చుంది. ఆడపిల్ల దిక్కు చాప ఖాళీ. మేడ్చల్ నుంచి లింగస్వామి రాలేదు. 'ఇచ్చినం, ఇగ మీ పిల్లనె, ఏమన్న జేసుకోన్రి' అని కబురు పంపాడట. ఆ ఖాళీ చాప అంచున మాధవీలత ఒక్కతే ముడుచుకుని కూర్చుంది. ఊళ్ళో అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆ పిల్ల ఎక్కడ చూడాలో తెలియక తన పాదాలనే చూసుకుంటోంది.

నేను పోయి ఆ చాప మీద కూర్చోబోయాను.

"టీచరమ్మా, నువ్వు మా కులం గాదు, సుట్టం గాదు," అన్నాడు ఎంకయ్య. "గవర్నమెంటు మాటలు సెంటర్ల జెప్పుకో. గీడ గాదు."

నేను ఏదో అనేలోపల ఆయన గొంతు సవరించుకుని అడిగాడు. "ఆడపిల్ల దిక్కు ఎవలున్నరు?"

మహేందర్ వినయంగా నేల చూస్తున్నాడు. వాడి పెదవి చివర చిన్న నవ్వు నాకు కనపడింది. నా చెప్పు నా చేతికి రావడానికి ఎంతసేపు! మేడం మొహం గుర్తొచ్చి ఆగిపోయాను.

"మళ్ళొకపాలి అడుగుతున్న. ఆడపిల్ల దిక్కు ఎవలున్నరు?"

ఈదమ్మ లేచింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బరువుగా, ఎవరి మొహమూ చూడకుండా, పిల్లగాని దిక్కు చాప దాటి ఇవతలికి వచ్చి మాధవీలత పక్కన కూర్చుంది.

"నేనున్న," అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గోల మొదలైంది. బాలమల్లు వణికే చేత్తో కర్ర నేలకు కొట్టి, "ఏయ్, పిచ్చి లేసిందా? లే! గీడికి రా!" అని అరిచాడు. ఎంకయ్య నవ్వాడు కూడా. "ఈదమ్మా, నువ్వు పిల్లగాని తల్లివి. గా సాప మీద ఎట్ల కూసుంటవ్? ఆ పిల్లకు ఒడిబియ్యం పోసినోళ్ళు కూసుండాలె గాడ."

ఒడిబియ్యం అంటే పుట్టింటివాళ్ళు తమ ఆడపిల్ల ఒడిలో పోసే పసుపు బియ్యం. తల్లిదండ్రులు పోస్తారు, వాళ్ళు లేకపోతే అన్నా వదినలు పోస్తారు. పోసినవాళ్ళదే పుట్టిల్లు. మాధవీలతకు పెళ్ళయినప్పటి నుంచి ఎవరూ పోయలేదు. అత్త పోయడం మాత్రం ఎక్కడా లేదు, ఎవరూ వినలేదు.

ఈదమ్మ మళ్ళీ లేచి ఇంటికి పోయింది. సిగ్గుపడి పారిపోయిందని అందరూ అనుకున్నారు, మహేందర్ కూడా. ఆమె చాటలో బియ్యం, పసుపు, రెండు ఎండుకొబ్బరి కుడకలు పట్టుకుని వచ్చింది. తడి చేత్తో బియ్యానికి పసుపు పట్టిస్తూనే నడిచి వస్తోంది. చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, "కొంగు వట్టు బిడ్డా," అంది. మాధవీలత పట్టలేకపోయింది. నేనే కొంగు పట్టించాను. ఈదమ్మ దోసిళ్ళతో పోసింది. సగం బియ్యం చాప మీద పడ్డాయి. ఏడుస్తూ పోసింది, ముక్కు కారుతుంటే భుజానికి తుడుచుకుంటూ పోసింది. చూడటానికి అందంగా ఏమీ లేదు. ఆడవాళ్ళంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నారు.

"పోసిన," అంది ఎంకయ్యతో. "ఇగ అడుగు."

ఎంకయ్య చాప మీద పడ్డ బియ్యం వైపు చూశాడు. "మొగడు ఏం జేసిండు? కొట్టిండా?" అన్నాడు చివరికి.

"కొట్టలె. తెప్ప మీద తీస్కపోయి నీళ్ళల్ల ముంచిండు. సస్తదన్నదాంక ముంచి, లేపి, మళ్ళ ముంచిండు. నా కండ్లతోని సూసిన. గా కట్ట మీద మీ అందరితోని గొప్పలు జెప్పింది నేనె. నా కొడుకు రాణి లెక్క తిప్పుతుండని జెప్పింది నేనె. గా నోటితోనె జెప్తున్న ఇయ్యాల."

మహేందర్ మొదటిసారి తల ఎత్తాడు. కోపం లేదు వాడి మొహంలో, నొచ్చుకున్నట్టు పెట్టాడు. "అమ్మా, ఈత నేర్పిన. ఆట పట్టిచ్చిన. నీకు సమజ్ కాలె," అన్నాడు. పెద్దల్లో ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలూపారు కూడా. దేవుడి మీద ఒట్టు, నమ్మడానికి ఎంత సిద్ధంగా ఉన్నారో!

"నీకు ఈత నేను నేర్పిన కొడుకా," అంది ఈదమ్మ. "ఒక్కనాడన్న జుట్టు వట్టిన్నా?"

తర్వాత అంతా మామూలుగానే నడిపించాలని చూశారు. పోచమ్మ గుడి ముందు మహేందర్ చేత ప్రమాణం చేయిద్దాం, పిల్లను పంపిద్దాం అన్నారు. ఈదమ్మ ఒప్పుకోనంది. ఆడపిల్ల దిక్కు ఒప్పుకోకపోతే పంచాయతి తెగదు, అది వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటే. ఎంకయ్య మెత్తగా చెప్పాడు, గట్టిగా చెప్పాడు. "నీ పంచాయతి కూడ గీడనె అయ్యింది గదనే ఈదమ్మా, సర్దుకోలేదా నువ్వు?" అన్నాడు.

"అయింది. నా దిక్కు మస్తుమంది కూసున్నరు అప్పుడు. అందరు కలిసి నన్నె సాగదోలిన్రు," అంది. ఆ మాటకు బాలమల్లు కర్ర కింద పెట్టాడు.

పంచాయతి తెగకుండానే లేచిపోయింది. లేచి పోతున్నవాళ్ళలో తల ఎత్తుకుని నడిచింది మహేందర్ ఒక్కడే. తల కొట్టేసినట్టు కూర్చున్నది ఈదమ్మ. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చేసినవాడికి లేని సిగ్గు కన్నందుకు ఈమె మోసింది.

పార్వతీదేవి మేడం ఆ మధ్యాహ్నమే జీపులో వచ్చారు. రక్షణాధికారి దగ్గర మాధవీలత చెప్పింది, నేను పక్కన కూర్చున్నాను. మొదట 'తడిపిండు' అంది. మేడం తొందరపెట్టలేదు. మంచినీళ్ళు ఇవ్వబోయి, ఆ పిల్ల గ్లాసు చూసి వెనక్కి జరగడం గమనించి, టీ తెప్పించారు. టీ తాగాక ఆ పిల్ల 'సంపుతనన్నడు' అంది. ఆ తర్వాత ఒక్కొక్కటీ చెప్పింది. పోలీసులు మహేందర్‌ను పిలిచి మాట్లాడారు. కేసు మేడ్చల్ కోర్టుకు పోయింది. లాయరును మా శాఖవాళ్ళే ఇచ్చారు.

ఆ రోజుల్లో ఈదమ్మ పక్కన కట్ట మీద ఎవరూ కవరు పరుచుకోలేదు. కన్నకొడుకును బజారుకు ఈడ్చిందని ఆడవాళ్ళే ఎక్కువగా అన్నారు. ఆమె ఎదురు చెప్పేది కాదు. అరిచి అమ్మడం మానేసింది. ఎవరైనా ఆగితే చేప తూచి ఇచ్చేది, ఆగకపోతే లేదు. పొద్దున్నే లేచి మహేందర్ కోసం ఒక ముద్ద ఎక్కువ వండేది. మాధవీలత మా ఇంట్లోనే ఉంది, వాడు తల్లి ఉన్న ఇంట్లో ఉండనని సొసైటీ షెడ్డులో పడుకుంటున్నాడు. ఆ అన్నం నా దగ్గరకు తెచ్చి, "ఎవలతోనన్న పంపు పిల్లా, నేను పంపిన్నని జెప్పకు," అనేది. కోపం వచ్చేది నాకు. అయినా పంపేదాన్ని. వాడు తినేవాడు, సిగ్గులేకుండా.

వాయిదా రోజున బస్సులో మేడ్చల్ పోయాం. ఈదమ్మ నడుమ, అటు మాధవీలత, ఇటు నేను. దారి పొడుగునా ఈదమ్మ ఒకటే అడిగింది. "వాడు గూడ వస్తడా?" వస్తాడని చెప్పాను. మళ్ళీ కాసేపటికి అదే అడిగింది. కోర్టు వరండాలో మహేందర్ తెల్ల చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని నిలబడ్డాడు. తల్లిని చూసి, "తిన్నవా అమ్మా?" అని అడిగాడు. ఈదమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇక ఈమె చెప్పదు, అయిపోయింది, అనుకున్నాను. మాధవీలత కూడా అలాగే అనుకుంది కాబోలు, నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. సాక్ష్యం లేకపోతే ఆ పిల్ల మళ్ళీ ఆ ఇంటికే, ఆ చెరువు దగ్గరికే పోవాలి. మహేందర్ మాట కాదనే మగవాడు ఊళ్ళో ఎవరూ లేరు.

లోపలికి పిలిచారు. లాయరు ముందే నేర్పించింది, ఏం భయం లేదు, అడిగినదానికి చెప్పు, నీ పేరు చెప్పు, ఈమె అత్తనని చెప్పు, చూసింది చెప్పు, అంతే. ఈదమ్మ బోను కర్ర పట్టుకుని నిలబడింది. తల మీద కొంగు కళ్ళ దాకా ఉంది. పేరు చెప్పింది. ఊరు చెప్పింది. జడ్జిగారు కాగితాల మీది నుంచి తల ఎత్తి, మామూలుగానే అడిగారు.

"ఈమెకు నువ్వేమవుతావమ్మా?"

ఆమె బోను కర్ర మీద రెండో చెయ్యి కూడా వేసింది. లాయరు 'అత్త, అత్త' అని పెదవులతో అందిస్తోంది. బాలమల్లు అటువైపు బెంచీ మీద దగ్గాడు. మహేందర్ తల్లిని చూస్తూ నిలబడ్డాడు. జడ్జిగారు మళ్ళీ అడిగారు, ఈసారి కాస్త నెమ్మదిగా.

"ముంచినోని తల్లిని సారూ," అంది ఈదమ్మ, తల ఎత్తకుండానే.